గడి గోడ, గుడి గోడ

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాట్లాడవలెనని కమిటీవారు కోరినప్పుడు, డయాసిస్ చరిత్ర చెప్పమంటారేమోనని భయపడ్డాము. అది మాకంటె బాగా ఎరిగిన పెద్దలు ఈ సంచికలోనే వ్రాస్తున్నారు. కాని వారు, "అయ్యగారూ, మీరు యూత్ పిల్లలతో సైకిళ్ళ మీద తిరిగి వచ్చారట గదా, ఆ సంగతి చెప్పండి" అన్నారు. అన్నవారిలో కొందరు నవ్వారు కూడ. నవ్వదగినదే. నలుబది దాటిన పాస్టరు నలుగురు పిల్లలను వెంటబెట్టుకొని, ఇంటింటా మోటారు బండి ఉన్న కాలములో సైకిలు తొక్కుకుంటూ నల్లగొండ నుండి పాలమూరు దాక పోవడమేమిటి? పైగా పిల్లలవి గేర్ల సైకిళ్ళు, మాది పాత అట్లాసు. ఆ కంపెనీ ఫ్యాక్టరీ 2020లో మూతబడినది. మా సైకిలు మాత్రము ఇంకను నడుస్తున్నది.

ఎందుకు పోయామో ముందు చెప్పాలి.

మా పాస్టరేటులో ఒక పల్లెలో పాత రాతి మందిరము ఉన్నది. బెంగుళూరు పెంకుల కప్పు, డంగు సున్నపు గోడలు, లోపల షాబాదు బండలు. వానకాలము వస్తే మూడు చోట్ల గిన్నెలు పెట్టుకొని ఆరాధన చేస్తాము. దానిని పడగొట్టి, శతవార్షికోత్సవ జ్ఞాపకార్థము స్లాబు వేసి కొత్త మందిరము కట్టాలని సంఘ కమిటీ తీర్మానము చేసినది. చందాలు కూడ మొదలైనవి. తీర్మానము మీద పాస్టరు సంతకము కావాలి. మేము కలము తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాము.

దానికి పాత కారణము ఒకటి ఉన్నది. సుమారు పదిహేను సంవత్సరముల క్రిందట, వేదాంత కళాశాల నుండి వచ్చిన కొత్తలో, మేము కాపరిగా ఉన్న వేరొక చోట ఇటువంటి మందిరమునే పడగొట్టించాము. అప్పుడు సంతకము పెట్టడానికి ఒక్క నిమిషము కూడ ఆలోచించలేదు. కప్పు విప్పిన రోజున టేకు దూలాలు చూచి వడ్ల మేస్త్రి, "ఇంత మంచి కట్టెను దించుతున్నరేంది?" అన్నాడు. గోడ ఒక పట్టాన కూలలేదు. జేసీబీ రెండు రోజులు తిప్పలు పడ్డది. ఆ సందడిలో పునాదిరాయి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. ఏడాది తరువాత ఒక ఇంటి ముందర బట్టలుతికే బండగా కనబడినది. అక్షరాలు అరిగిపోయినవి. పడగొట్టక ముందు వాటిని ఒక కాగితము మీద ఎక్కించి పెట్టుకోవాలని మాకు తోచలేదు. ఆ తప్పు మాది, ఇంకెవరిదీ కాదు.

అందుచేత ఈసారి సంతకానికి ముందు, పాత మందిరములను ఇతరులు ఏమి చేసుకున్నారో చూచి రావాలనుకున్నాము. నెహెమ్యా యెరూషలేము చేరగానే సభ పెట్టలేదు. మూడు దినములు ఊరకుండి, రాత్రివేళ కొద్దిమందిని తీసికొని, ఒక్క పశువు మీద కూర్చుండి, కూలిన గోడల వెంబడి తిరిగి చూచుకున్నాడు. మాకు పశువు లేదు గనుక సైకిలు.

మందిరములు సరే, గడీలెందుకు చూచారు అని ఒక పెద్దమనిషి అడిగారు. ఆ సీమలో గడి చూడకుండ గుడి అర్థము కాదు. దొర గడి ఊరి నడుమ ఎత్తయిన గడ్డ మీద ఉంటుంది. మన గుడి ఊరికి ఆవల, మాల వాడకో మాదిగ వాడకో ఆనుకొని ఉంటుంది. ఈ రెంటి నడుమ నడిచిన దూరమే మన తాతల చరిత్ర. పరదేశములలో ఇటువంటి యాత్రలు ఉన్నవని మాతో వచ్చిన పిల్లవాడొకడు చెప్పాడు. హంగరీ దేశములో పల్లెపల్లెకు సైకిళ్ళ మీద పోయి పాత దేవాలయములు, పాత భూస్వాముల మేడలు చూస్తారట. అక్కడ 1945లో భూములు పంచిన తరువాత చాలా మేడలను బడులుగాను, అనాథ శరణాలయములుగాను చేశారు. మన దగ్గరా కొంత అట్లే జరిగినది. ఆ మాట వనపర్తి చేరినప్పుడు చెబుతాము.

సంక్రాంతి దాటిన వారములో నల్లగొండలో బయలుదేరాము. దేవరకొండ, డిండి, కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, కొల్లాపురము, వనపర్తి, గద్వాల, చివరకు మహబూబ్‌నగరు. ఒకప్పుడు ఇది రెండు జిల్లాల దారి. 2016లో జిల్లాలు విడదీసిన తరువాత ఐదు జిల్లాల దారి అయినది. దారి మాత్రము పెరగలేదు, ఎదురుగాలి తగ్గలేదు.

ఒక మాట స్పష్టముగా చెప్పాలి. మేము చూచిన మందిరములలో ఎక్కువభాగము మన డయాసిస్‌వి కావు. ఆ సీమలో బాప్టిస్టు మిషను, ఆ తరువాత మెన్నోనైట్ బ్రదరన్ మిషను పనిచేసినవి. అయినను మమ్మును ఏ ఊరివారూ "మీరే మిషను?" అని అడుగలేదు. "తిన్నరా?" అని అడిగారు.

నల్లగొండలో 1890లో మిషను స్టేషను పెట్టిన అబ్రహాము ఫ్రీసెన్ గారి కథ మనవారిలో చాలామందికి తెలియదు. ఆయన అమెరికా బాప్టిస్టు మిషను క్రింద పని చేసినా అమెరికావాడు కాడు, ఇంగ్లీషువాడు కాడు. రష్యా చక్రవర్తి ఏలుబడిలో, నేటి ఉక్రెయిన్ దేశములో, మొలోచ్నా అనే సీమలో వ్యవసాయము చేసుకొని జర్మను భాష మాట్లాడుకొనే మెన్నోనైటుల బిడ్డ. ఆయుధము పట్టరాదన్నది వారి మతము. హాంబర్గు పట్టణపు బాప్టిస్టు సెమినరీలో చదువుకొని, 1889లో భార్యతో బయలుదేరి ఇక్కడికి వచ్చాడు. ఆయన వెనుక ఆ సీమ నుండి మరికొందరు వచ్చి ఈ ప్రాంతమంతట పనిచేశారు. 1899లో అమెరికా మెన్నోనైటు సహోదరులు వచ్చినప్పుడు కూడ మొదట దిగినది నల్లగొండలోనే. తరువాత 1914లో యుద్ధము, 1917లో విప్లవము వచ్చినవి. పంపినవారి ఊళ్ళలో సంఘములు చెదరిపోయినవి. ఆ రైతులు గోధుమ అమ్మి పంపిన చందాతో నిలిచిన పని మాత్రము, వారు కంటితో ఎన్నడూ చూడని జొన్నచేల మధ్య మిగిలినది. ఉక్రెయిన్ పేరు నేడు యుద్ధ వార్తలలో వింటున్నాము. ఆ పేరు వినబడినప్పుడు నల్లగొండను తలచుకోవలసిన బాకీ మనకున్నది.

దేవరకొండ దారిలో మొదటి రోజే రెండు పంక్చర్లు. సర్కారు తుమ్మ ముల్లు గేర్ల సైకిలును, అట్లాసును ఒకే తీరుగా చూస్తుంది. సాయంత్రము కోట గుట్ట కనబడేసరికి పిల్లలు అలసట మరచి కేకలు వేశారు. ఆ కోట రేచర్ల పద్మనాయకుల కాలపుది. దానిని వర్ణించబోము, చూడని వారు చూచి రండి.

డిండి దాటిన తరువాత పెద్ద రోడ్డు విడిచి ఒక పల్లెకు పోయాము. ఊరి పేరు చెప్పము. అక్కడ దొర వారసులు ఉన్నారు, మన సంఘస్థులూ ఉన్నారు. వాళ్ళ నడుమ మాటలు ఇప్పుడిప్పుడే కలుస్తున్నవి. ఆ ఊరిలో మేము ఒక పూట ఆగుదామనుకొని రెండు రోజులు ఉన్నాము.

గడి ఇంకా ఉన్నది. రెండు బురుజులు, ఏనుగు పట్టేటంత దర్వాజ, దర్వాజలోనే మనిషి వంగి దూరే దిడ్డి. లోపల కచ్చేరి చావడి, వెనుక ధాన్యపు గరిసెలు, బావి. కప్పు సగము కూలి రావిచెట్టు మొలిచినది. పావురాలు తప్ప ఎవరూ లేరు. గోడ మందము కొలిచాము. మా చేయి చాచి మూర పెడితే రెండు మూరలకు ఎక్కువే. ఊరి పెద్ద ఒకాయన తాళము తెచ్చి తీశాడు. ఇంత కట్టించిన వారి పేరుగాని, కట్టినవారి పేరుగాని ఎక్కడైనా చెక్కి ఉన్నదా అని వెతికాము. లేదు.

మన మందిరము అక్కడికి అర మైలు. చిన్నది, నూరుమంది పట్టరు. గోడలో రాళ్ళన్నీ చిన్నవి, తలా ఒక తీరు. ఎందుకని అడిగితే, ఎనుబది అయిదేండ్ల తాత ఒకాయన అరుగు మీద కూర్చుండబెట్టి చెప్పాడు. ఆయన మిషను బడిలో పంతులుగా చేసి విశ్రాంతి పొందినవాడు. మాతో మొదట పుస్తక భాషలో మాట్లాడి, కొంతసేపటికి తన భాషలోకి వచ్చాడు.

"పెద్ద రాళ్ళు గడికి వోయినయి. గుట్ట మీద కొట్టంగ మిగిలిన ముక్కలు మాకు. మా నాయన పగలంత గడికి వెట్టి చేసి, ఎన్నెల రాత్రులల్ల గుడికి రాళ్ళు మోసిండు. సున్నము నూరింది మా అమ్మోళ్ళు. దొరకు తెలిస్తే ఏమంటడో అని గొంతు ఎత్తి పాట గుడ పాడలే."

వెట్టి అంటే నేటి పిల్లలకు తెలియదు. మాతో వచ్చిన పిల్లలు "కూలి ఎంత ఇచ్చేవారు?" అని అడిగారు. తాత నవ్వాడు. కూలి ఉంటే అది వెట్టి ఎట్లవుతుంది? దొర కబురు వస్తే చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ, ఎవరి వంతు పని వారు ఉచితముగా చేయాలి. దొరకు చెప్పులు, బావికి తోలు బొక్కెన, వచ్చిన అధికారి మూట ఊరి నుండి ఊరికి మోత, అన్నీ మనవారి నెత్తి మీదనే. మాదారిలో లేకపోయినా చెప్పవలసిన ఊరు ఒకటున్నది. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశముఖు చేతి క్రింద 40,000 ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య గారు తన గ్రంథములో వ్రాశారు. ఆ ఏలుబడిలోని కడవెండిలో 1946 జూలై 4న గడి నుండి వచ్చిన తుపాకి గుండుకు దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుండి సాయుధ పోరాటము రాజుకొని 1951 దాక సాగినది. మన సంఘములలో ఆ రోజుల సంగతి మాట్లాడుకోవడము తక్కువ. పోరాటములో ఉన్న క్రైస్తవులూ ఉన్నారు, భయపడి దాగిన క్రైస్తవులూ ఉన్నారు. ప్రార్థన కూటములో చెప్పుకోని సంగతులు ముసలివారితోనే మట్టిలోకి పోతున్నవి.

తాత సైకిలు కథ కూడ చెప్పాడు. అప్పటికి పోలీసు చర్య జరిగి, జాగీర్లు రద్దయి పదేండ్లు దాటినవి. కాగితము మీద వెట్టి లేదు. ఈయన కొత్తగా పంతులు ఉద్యోగములో చేరి సెకండు హ్యాండు సైకిలు కొన్నాడు. "గడి ముంగటికెళ్ళి సైకిలు మీద పోతే ఊకుంటరా? దిగాలె. దిగి చెప్పులు ఇడిసి చేత పట్టుకొని, సైకిలు నడిపిచ్చుకుంట పోవాలె. ఒకనాడు వాన. పిల్లలకు పరీచ్చ. మరిచిపోయి ఎక్కే పోయిన." గడి మనుషులు సైకిలు లాక్కొని లోపల పెట్టారు. మూడు రోజుల తరువాత సంఘ పెద్దలు పోయి బతిమాలితే గాలి తీసి ఇచ్చారట. "సైకిలు వోయినందుకు గాదు అయ్యగారూ. నా బళ్ళె పిల్లలు జూసిన్రు."

ఆ మాట తరువాత కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మరునాడు ఉదయము మేము బయలుదేరుతుంటే తాత కర్ర పట్టుకొని వచ్చాడు. మా అట్లాసు హ్యాండిలు పట్టుకున్నాడు. "తొక్కరాదు గని నడిపిస్త" అన్నాడు. గడి ముందర దాక నడిపించి, అక్కడ ఆగి, నాలుగైదు సార్లు బెల్లు కొట్టాడు. పావురాలు లేచినవి. కాళ్ళకు చెప్పులు ఉన్నవి.

ఆ మందిరమును వారు పడగొట్టలేదు. వాన కారుతున్నదని వారికీ అనిపించినది, వారికీ స్లాబు ఆశ పుట్టినది. కాని డబ్బు లేదు. లేమి ఒక్కొక్కసారి మేలు చేస్తుంది. చెదపట్టిన వాసాలు మాత్రము తీసి కొత్తవి వేసుకున్నారు, పగిలిన పెంకులు మార్చారు. గోడకు సిమెంటు పూయబోతే ఒక ముసలి వడ్డెర మేస్త్రి ఆపాడట. ఆయనతో మాట్లాడాము. ఆయన చెప్పిన మాట మీకందరికీ పనికి వస్తుంది గనుక చెబుతున్నాము. సున్నపు గోడ తేమను పీల్చి మళ్ళీ గాలికి విడుస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలనే చిక్కుకొని, రెండు మూడు వానలకు పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంది, లోపలి సున్నమును కూడ తినివేస్తుంది. కనుక సున్నపు గోడకు సున్నమే. ఎద్దును కట్టి రాతి చక్రముతో గానుగలో సున్నము, ఇసుక నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపి మాగనిచ్చేవారు. ఇప్పుడు ఎద్దు లేకపోయినా నూరే మరలు ఉన్నవి. గోడ కారుతున్నదని మనము నిందిస్తాము; చాలాచోట్ల దోషము గోడది కాదు, ఎప్పుడో మనమే పూసిన సిమెంటుది, మార్చని పెంకుది.

కల్వకుర్తి, నాగర్‌కర్నూలు మిషను స్టేషన్లు త్వరగా చూచి పోయాము. కాని నాగర్‌కర్నూలు విడిచి పోతున్నప్పుడు పిల్లవాడొకడు అన్న మాట మమ్మును కలవరపెట్టినది. "అయ్యగారూ, ఎక్కడ చూచినా మిషను బంగళాలు కూడ గడీల లాగనే ఉన్నవి గదా?" అన్నాడు. మేము కొట్టిపారేద్దామనుకున్నాము, కాని తొక్కుతూ ఆలోచించాము. ఎత్తయిన అరుగు, చుట్టు వరండా, పెద్ద బావి, కాంపౌండు గోడ, గేటు ప్రక్కన పనివారి ఇండ్ల వరుస. మన తాతలు మిషనరీని ఏమని పిలిచారు? దొరగారు. ఆయన భార్యను? దొరసానిగారు. గడిలో ఉన్నవానిని పిలిచిన మాటే ఇది. తేడా లేదని మేము అనము. ఆ గేటు లోపల మన పిల్లలకు పలక దొరికినది, మన తల్లులకు మందు దొరికినది. కాని బంగళా అరుగు మెట్ల మీద కూర్చుండటానికి జంకిన పెద్దలను మేమే ఎరుగుదుము. ఉన్నది ఉన్నట్లు వ్రాసుకుంటేనే చరిత్ర.

కొల్లాపురము మామిడితోటల ఊరు. జటప్రోలు సంస్థానపు సురభి వంశపు రాజుల మహలు అక్కడ ఉన్నది. వెలుపలి నుండి చూచాము. జటప్రోలు పాత ఊరు శ్రీశైలము ప్రాజెక్టు నీటిలో మునిగిపోయినది. అక్కడి పాత గుళ్ళను రాయి రాయి విప్పి వేరే చోట తిరిగి కట్టారు. ఆ మాట వినగానే మాకు జేసీబీ, బట్టలుతికే బండ గుర్తుకు వచ్చినవి. నీళ్ళు తరుముకొస్తున్నా రాళ్ళకు అంకెలు వేసి మోసుకొనిపోయిన వారున్నారు. మమ్మును ఏ నీరూ తరుమలేదు.

వనపర్తి రాజుల మహలు 1959లో పాలిటెక్నిక్ కళాశాల అయినది. దర్బారు జరిగిన కప్పు క్రింద పల్లె పిల్లలు డ్రాయింగు బోర్డులు పట్టుకొని తిరిగారు. కృష్ణ మీద బీచుపల్లి వంతెన దాటి గద్వాల చేరితే అక్కడా అంతే: సోమనాద్రి కోట లోపల చెన్నకేశవస్వామి గుడి, దాని దాపున రాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కాలేజి. తాళము వేసిన గడిలో రావిచెట్టు మొలిచినది. పిల్లలను రానిచ్చిన గడి నిలిచినది. కొన్ని గదులు పాడుబడినవి, రంగులు పూసి చెడగొట్టినవీ ఉన్నవి. అయినా మనుషులు తిరిగే కప్పుకు చెద త్వరగా పట్టదు.

గద్వాల నుండి జూరాల ఆనకట్ట మీదుగా, అమరచింత సంస్థానపు ఆత్మకూరు మీదుగా పాలమూరు చేరాము. మధ్యలో ఒక పెద్ద ఊరిలో కొత్త మందిరము చూపించారు. పాతదానిని నేలమట్టము చేసి ఆ చోటనే కట్టినది. గాజు కిటికీలు, నున్నని టైల్సు, రాత్రి వెలిగే సిలువ. కష్టపడి కట్టుకున్నారు, ఎగతాళి చేయడము మా ఉద్దేశము కాదు. ఆ పాలమూరు కూలీలు దేశములోని ఎన్నో ఆనకట్టలకు రాళ్ళెత్తినవారు, తమ గుడి గొప్పగా ఉండాలని కోరుకుంటే తప్పేమి? కాని అక్కడి తల్లి ఒకామె మాతో, "ఎండకాలము లోపల కూసోలేము అయ్యగారూ, స్లాబు కుంపటి. ఏప్రిలు, మే నెలలు యాపచెట్టు కిందనే ఆరాధన" అన్నది. ఆ వేపచెట్టు పాత మందిరముతో పాటు నాటినదట. దానిని కొట్టివేయడము ఎందుకో మరచిపోయారు.

మహబూబ్‌నగరులో ఇంకొక చిన్న సంగతి. మిషను పాత రికార్డులలో ఈ స్టేషను పేరు పాల్మూరు. ఎల్బర్ట్ ఛూట్ గారు 1885లో అక్కడ పని మొదలుపెట్టారు. ఊరికి ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు వచ్చినది 1890లో. అంటే ఆ సంఘము ఆ ఊరి పేరు కంటె ఐదేండ్లు పెద్దది. 1937లో బాప్టిస్టులు పాలమూరును, గద్వాలను మెన్నోనైట్ బ్రదరన్ మిషనుకు అప్పగించారు. ఇన్ని సంవత్సరములు, ఇన్ని పేర్లు ఎట్లా తెలిసినవి? దొరలు వ్రాసి పెట్టుకున్నారు గనుక. తమ దేశమునకు నెల నెల ఉత్తరములు పంపారు గనుక. ఎన్నెలలో రాయి మోసినవాడు ఎవరికి ఉత్తరము వ్రాస్తాడు?

మెదకు మహాదేవాలయము చూడనివారు మనలో తక్కువ. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. నూరు అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు. కరువు రోజులలో పాస్నెట్ దొరగారు పని కల్పించి అన్నము పెట్టి కట్టించారని అందరమూ చెప్పుకుంటాము. డోర్నకల్‌లో అజరయ్య బిషప్పుగారు మన దేశపు తీరులో కట్టించి 1939లో ప్రతిష్ఠించిన దేవాలయమునకు కూడ బస్సులు మాట్లాడుకొని పోతాము. పోవలసినదే. అయితే ఆ అన్నము తిని రాయి ఎత్తినవారిలో ఒక్కరి పేరు చెప్పమంటే మనలో ఎందరు చెప్పగలరు? మేము చెప్పలేము.

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము మనము ఆరాధనలో చదువము. పేర్లు, పేర్లు, పేర్లు, నోరు తిరుగదు. సెమినరీలో మేము కూడ దానిని దాటవేసి పరీక్ష వ్రాశాము. యాత్ర నుండి వచ్చిన రాత్రి మళ్ళీ తెరిచాము. ఎవరెవరు గోడలో ఎంతెంత భాగము కట్టారో అందులో ఉన్నది. బంగారపు పని చేసేవారు, సుగంధ ద్రవ్యములు చేసేవారు, ఎవరి యింటికి ఎదురుగా వారు. షల్లూము అనే ఆయన తన కుమార్తెలతో కలిసి కట్టాడు. తెకోవ ఊరివారు కట్టారుగాని వారి అధికారులు మెడ వంచలేదని కూడ వ్రాసి ఉన్నది. పని చేయనివారి సంగతి కూడ దాచలేదు! మన పునాదిరాళ్ళ మీద ఏమున్నది? దొరగారి పేరు, ఏడాది. కొత్త రాళ్ళ మీద ముఖ్య అతిథి పేరు, కమిటీవారి పేర్లు, పాస్టరు పేరు. అందులో మా పేరు కూడ రెండు చోట్ల ఉన్నది.

అందుచేత మా పల్లెలో ఒక ఆదివారము ఆరాధన తరువాత ముసలివారిని ఆపి కూర్చుండబెట్టాము. పిల్లలు నోటుపుస్తకము పట్టుకున్నారు. మందిరము ఎవరు కట్టారని అడిగితే మొదట అందరూ దొరగారి పేరే చెప్పారు. రాయి ఎవరు కొట్టారు, నీళ్ళు ఎవరు మోశారు, దూలము ఏ ఊరి నుండి ఎవరి బండి మీద వచ్చినది అని విడివిడిగా అడిగితే మాటలు ఊరినవి. ఒకరు చెప్పినది ఇంకొకరు కాదన్నారు. ఇద్దరు ముసలమ్మలు పోట్లాడుకున్నారు కూడ, ఎవరి అత్త ముందు సున్నపు గంప ఎత్తినదని. ఇప్పటికి ఇరువది మూడు పేర్లు దొరికినవి. ఒకామె పేరు ఎవరికీ గుర్తు లేదు. ఆమె చంకలో పిల్లను పెట్టుకొని సున్నము నూరినదని మాత్రము ముగ్గురు చెప్పారు. నోటుపుస్తకములో ఆ వరుసలో పేరు స్థానము ఖాళీగా ఉంచాము.

కమిటీ పెద్దలలో కొందరికి మా మీద కోపము ఉన్నదని తెలుసు. చందాలిచ్చినవారికి ఏమి జవాబు చెప్పాలని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. చోటు చాలదు, జనము పెరిగినది, అదీ నిజమే. వెనుక స్థలములో ఒక షెడ్డు వేసికొని పాతదానికి కప్పు మరమ్మతు చేసుకుంటే చాలునా, లేక గోడ నిజముగానే పాడైపోయినదా, మేము మేస్త్రులము కాము గనుక చెప్పలేము. డిండి అవతలి ఆ వడ్డెర మేస్త్రిని రమ్మన్నాము. దూలాలు తట్టి చూచి, గోడ గీకి చూచి చెబుతానన్నాడు. గోడ పనికిరాదని ఆయన చెబితే, రాళ్ళకు అంకెలు వేసి విప్పిద్దాము. అప్పుడు సంతకము పెడతాము. తీర్మానము కాగితము అందాక మా సంచిలోనే ఉంటుంది.

ఆయన వచ్చేది వచ్చే సోమవారము. కప్పు దాక అందే నిచ్చెన కావాలి. మా ఊరివారు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఎవరింట ఉన్నదో, సభ ముగిసిన తరువాత దయచేసి చెప్పండి.